బలహీనపడిన క్రిమికి కోలుకునే గడువు ఇవ్వొద్దు
ఆరోగ్య శాఖ మంత్రి గారికి లాలాగూడ నుంచి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,



నేను లాలాగూడ వాసిని. కాలేజీలో జీవశాస్త్రం బోధించి రిటైరయ్యాను. మా ప్రాంతం నుంచి మీకు ఆసుపత్రి పడకల గురించి, డాక్టర్ల కొరత గురించి విన్నపాలు అందుతూనే ఉంటాయి. వాటితో పాటు ఈ విన్నపాన్ని కూడా చదవమని కోరుతున్నాను. టైఫాయిడ్ లాంటి జబ్బులు తెచ్చే క్రిములు తమ ప్రొటీన్లను ఎంత కచ్చితంగా తయారుచేసుకుంటాయన్న ప్రశ్నకూ, మా బస్తీల్లో జ్వరం రాగానే మెడికల్ షాపులో చేతికందే అజిత్రోమైసిన్ మాత్రకూ దగ్గరి సంబంధం ఉంది. ఆ సంబంధం ఏమిటో వివరించి, నాలుగు పనులు చేయమని మిమ్మల్ని అడగడానికే ఈ లేఖ.

శాస్త్రం మాకు దూరంగా ఏమీ లేదు. మెట్టుగూడలో మెట్రో ఎక్కితే తార్నాక దాటగానే హబ్సిగూడ. 1977లో పుష్ప మిత్ర భార్గవ నాయకత్వంలో మొదలైన సీసీఎంబీ (సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ) అక్కడే ఉంది. జీవకణం ప్రొటీన్ తయారుచేసేటప్పుడు జరిగే తప్పులను ఎలా పట్టుకుంటుంది, ఎలా సరిదిద్దుతుంది అన్న ప్రశ్న మీద ఆ సంస్థలో రాజన్ శంకరనారాయణన్ బృందం ఏళ్ల తరబడి పనిచేస్తోంది. అందుకుగాను ఆయనకు 2020లో జీవశాస్త్రాల విభాగంలో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. ప్రపంచం గుర్తించిన ఈ పరిజ్ఞానం మా ఇంటికి రెండు స్టేషన్ల దూరంలో ఉండగా, మా బస్తీలో జ్వరానికి మందు మాత్రం ఇంకా ఊహ మీదే ఆధారపడి ఇస్తున్నారు. నా బాధ అది.

ముందు విషయం చెబుతాను. ప్రతి జీవకణంలోనూ రైబోజోములనే అతి చిన్న యంత్రాలుంటాయి. జన్యువు నుంచి నకలుగా వచ్చిన ఆర్ఎన్ఏ పోగును రైబోజోమ్ మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. ప్రతి మూడక్షరాల మాటకూ ఏ అమైనో ఆమ్లం చేర్చాలో నియమం ఉంది. ఆ అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చేది టీఆర్ఎన్ఏ. పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియాలో ఒక్కో రైబోజోమ్ సెకనుకు పదిహేను, ఇరవై అమైనో ఆమ్లాల దాకా వరుసగా కలుపుకుంటూ పోతుంది. అంత వేగంలోనూ తప్పులు చాలా తక్కువ. సుమారుగా వెయ్యి నుంచి పదివేల చేర్పులకు ఒక్కటి.

ఈ రెండు అంకెల మధ్య తేడా చిన్నది కాదు. మూడు వందల అమైనో ఆమ్లాలున్న ప్రొటీన్‌ను తీసుకుందాం. పదివేలకు ఒక తప్పు జరిగితే, వంద ప్రొటీన్లలో మూడింటిలో మాత్రమే లోపం ఉంటుంది. వెయ్యికి ఒక తప్పు జరిగితే, ఆ లోపం వందలో ఇరవై ఆరింటికి పాకుతుంది. తప్పు అమైనో ఆమ్లం చేరిన ప్రొటీన్ సరిగా మడతపడకపోవచ్చు, పని చేయకపోవచ్చు, కణానికి భారం కావచ్చు.

అందుకే కణంలో కాపలా రెండు చోట్ల ఉంటుంది. మొదటిది టీఆర్ఎన్ఏకు అమైనో ఆమ్లాన్ని తగిలించే ఎంజైముల దగ్గర. తప్పుగా తగిలించిన దాన్ని వాటిలో కొన్ని స్వయంగా తెంచేస్తాయి. రెండోది రైబోజోమ్ లోపల, మాటకూ టీఆర్ఎన్ఏకూ జోడీ కుదిరిందో లేదో చూసే చోట. ఇవి రెండూ చాలని సందర్భాలూ ఉన్నాయి. అమైనో ఆమ్లాలకు కుడి, ఎడమ రూపాలుంటాయి. మన ప్రొటీన్లలోకి ఎడమ రూపమే రావాలి. కుడి రూపం పొరపాటున టీఆర్ఎన్ఏకు అంటుకుంటే డీటీడీ అనే ఎంజైము దాన్ని తొలగిస్తుంది. ఎడమ రూపాన్ని ముట్టకుండా కుడి రూపాన్ని మాత్రమే ఆ ఎంజైము ఎలా గుర్తుపడుతుందో, దాని నిర్మాణాన్ని ఛేదించి 2013లో లోకానికి చూపించింది హబ్సిగూడ బృందమే.

ఇప్పుడు క్రిమి దగ్గరికి వద్దాం. ప్రొటీన్లు తయారుచేసుకునే ఈ కచ్చితత్వానికీ, మనిషికి రోగం తెచ్చే శక్తికీ ఏమిటి సంబంధం?

సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాలో చాలా రకాలున్నాయి. మనుషులకే టైఫాయిడ్ తెచ్చేది టైఫీ రకం. దాని దగ్గరి బంధువు టైఫిమ్యూరియం. అది మనుషులకు విరేచనాలు తెస్తుంది, ఎలుకల్లో టైఫాయిడ్ లాంటి జబ్బు తెస్తుంది. అందుకే టైఫాయిడ్‌ను అర్థం చేసుకోవడానికి శాస్త్రవేత్తలు చాలాకాలంగా ఎలుకల్లో ఈ రకాన్ని వాడుతున్నారు. పేగు గోడ దాటడానికి సాల్మొనెల్లా సూది లాంటి నిర్మాణమొకటి కట్టుకుంటుంది. దాని ద్వారా తన ప్రొటీన్లను మన కణంలోకి ఎక్కించి, ఆ కణమే తనను లోపలికి లాక్కునేలా చేస్తుంది. ఈ దాడికి కావలసిన జన్యువుల్లో చాలావరకు ఒకే చోట గుంపుగా ఉంటాయి. ఆ గుంపును నడిపించే ప్రధాన ప్రొటీన్ పేరు హిల్‌డీ.

2019లో అమెరికాలోని జికియాంగ్ లింగ్ బృందం ఒక ప్రశ్న వేసుకుంది. సాల్మొనెల్లా రైబోజోమ్ ఎక్కువ తప్పులు చేసేలా మారిస్తే రోగకారక శక్తి ఏమవుతుంది? మామూలు కంటే తక్కువ తప్పులు చేసేంత కచ్చితంగా మారిస్తే ఏమవుతుంది? తప్పులు పెరిగితే క్రిమి బలహీనపడుతుందని ఎవరైనా ఊహిస్తారు. కానీ కచ్చితత్వం అతిగా పెరిగినా అదే జరిగింది. రెండు రకాల మార్పుల్లోనూ దాడి జన్యువులు బాగా అణిగిపోయాయి. హిల్‌డీ ప్రొటీన్‌ను లాన్ అనే ఎంజైము మామూలు కంటే వేగంగా ధ్వంసం చేసింది. కణాల్లోకి చొరబడే శక్తి తగ్గింది. జీబ్రా చేపల్లో నెగ్గుకురావడమూ కష్టమైంది. అంటే రోగం తేవాలంటే క్రిమికి తప్పులు మరీ ఎక్కువ ఉండకూడదు, మరీ తక్కువా ఉండకూడదు. తగిన స్థాయి ఒకటి ఉంది. అక్కడే దాని బలం.

మా లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసిన వాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. 1893 నుంచి నడుస్తున్న వర్క్‌షాప్ అది. పీఓహెచ్‌కి, అంటే నిర్ణీత కాలానికోసారి చేసే పూర్తి మరమ్మతుకు వచ్చిన కోచ్‌ని తనిఖీ లేకుండా లైను మీదికి పంపితే ప్రమాదం. అలాగని ప్రతి నట్టునూ పదేపదే విప్పి బిగిస్తూ కూర్చుంటే ఆ కోచ్ షెడ్డు దాటదు. తగినంత తనిఖీతో, తగిన వేగంతో పని జరిగితేనే బండి కదులుతుంది. క్రిమి లోపలా ఇదే లెక్క.

ఇందులో మనకు ఆశ కలిగించేది ఒకటుంది, భయపెట్టేది ఒకటుంది.

ఆశ ఏమిటంటే, ఈ రైబోజోమ్ మనకు దొరికిన గొప్ప గురి. మనిషి కణాల్లోని రైబోజోములకూ బ్యాక్టీరియా రైబోజోములకూ నిర్మాణంలో తేడా ఉంది. ఆ తేడా ఆధారంగానే బ్యాక్టీరియాను మాత్రమే దెబ్బతీసే మందులు ఎన్నో వచ్చాయి. 1943లో అమెరికాలో సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ స్ట్రెప్టోమైసిన్‌ను కనిపెట్టాడు. క్షయను నయం చేసిన తొలి మందు అదే. అది రైబోజోమ్‌కు అంటుకుని, మాటలను తప్పుగా చదివేలా చేస్తుంది. ఈ సంగతిని 1964లో డేవిస్, గిల్బర్ట్, గోరీనిలు రుజువు చేశారు. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డుగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ 1948లో బయటికొచ్చింది. అది టెట్రాసైక్లిన్ కుటుంబానికి తొలి బిడ్డ. టీఆర్ఎన్ఏ వచ్చి కూర్చునే చోటునే మూసేస్తుంది. స్క్రబ్ టైఫస్‌కు మన ఆసుపత్రుల్లో ఇవాళ ఇచ్చే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోదే. క్లోరాంఫెనికాల్, జెంటామైసిన్, అజిత్రోమైసిన్, లినెజోలిడ్ అన్నీ రైబోజోమ్ మీద పనిచేసేవే.

భయం మరోచోట ఉంది. స్ట్రెప్టోమైసిన్‌కు లొంగకుండా తప్పించుకోవడానికి బ్యాక్టీరియా తరచుగా చేసే పని, రైబోజోమ్‌లోని ఎస్12 అనే ప్రొటీన్‌ను మార్చుకోవడం. కొన్ని మార్పుల వల్ల రైబోజోమ్ మరీ కచ్చితంగా, మరీ నెమ్మదిగా పనిచేస్తుంది. మందు తాకిడి తప్పింది, కానీ వేగం పోయింది. 1998లో స్వీడన్‌లో పనిచేసే డాన్ అండర్సన్, డియర్మిడ్ హ్యూస్ బృందం ఇలా మందులకు లొంగని సాల్మొనెల్లాలను ఎలుకల్లోకి ఎక్కించి చూసింది. స్ట్రెప్టోమైసిన్, రిఫాంపిసిన్, నాలిడిక్సిక్ ఆమ్లం మందులకు లొంగని క్రిముల్లో ఎక్కువ భాగం రోగం తేలేనంతగా బలహీనపడ్డాయి. మందును తట్టుకున్నందుకు అవి కట్టిన మూల్యం అది.

అక్కడితో కథ ఆగి ఉంటే ఈ లేఖ అవసరం ఉండేది కాదు. ఆ బలహీనమైన క్రిములను కొన్ని తరాలు పెరగనిచ్చి చూస్తే, వాటిలో మరో మార్పు వచ్చింది. పోయిన బలాన్ని తిరిగి తెచ్చే మార్పు. చాలా సందర్భాల్లో మందుకు లొంగని గుణం అలాగే ఉండిపోయింది, రోగం తెచ్చే శక్తి మాత్రం తిరిగొచ్చింది. 2000లో అదే బృందం ఇంకో సంగతి చూపింది. ఎలుకల్లో పెరిగినప్పుడు వచ్చే సర్దుబాట్లు, ప్రయోగశాల ద్రావణంలో పెరిగినప్పుడు వచ్చే సర్దుబాట్లు వేరువేరు. అంటే రోగి ఒంట్లో క్రిమి ఏం నేర్చుకుంటుందో గాజు గొట్టంలో చూసి చెప్పలేం. రోగుల నుంచి తీసిన నమూనాలనే చూడాలి.

ఇదంతా ఎలుకల సంగతి కదా అని మీ అధికారులు అనవచ్చు. క్షయ రోగులను చూడండి. స్ట్రెప్టోమైసిన్‌కు లొంగని క్షయ క్రిముల్లో ఎస్12 ప్రొటీన్‌లో ఒక చోట లైసిన్‌కు బదులు ఆర్జినిన్ చేరిన రకం తరచుగా కనిపిస్తుంది. ఎన్నో రకాల మార్పులు సాధ్యమే అయినా మనుషుల్లో ఎక్కువగా నిలదొక్కుకున్నది ఇదే. ఎందుకంటే ఈ మార్పు మందును తట్టుకుంటుంది, రైబోజోమ్ పనిని పెద్దగా దెబ్బతీయదు. మూల్యం కట్టకుండా తప్పించుకునే దారి దొరికితే క్రిమి ఆ దారే పడుతుంది.

క్షయ క్రిమికి ఇంకో గుణమూ ఉంది. దాని ప్రొటీన్ల తయారీలో కొన్ని రకాల తప్పులు సహజంగానే ఎక్కువ. ఆ తప్పుల వల్లే కొన్ని క్రిములు రిఫాంపిసిన్ దెబ్బను తాత్కాలికంగా తట్టుకుంటాయని 2014లో బాబక్ జావిద్ బృందం చూపింది. 2018లో వాళ్లే కాసుగామైసిన్‌తో ఆ తప్పులను తగ్గించి చూశారు. రిఫాంపిసిన్ మరింత బాగా పనిచేసింది. కాసుగామైసిన్ మన రైతులకు తెలిసిన మందే, వరిలో అగ్గితెగులుకు చల్లుతారు. సాల్మొనెల్లాకు కచ్చితత్వం అతి అయితే కీడు. క్షయ క్రిమికి తప్పులే కవచం. ఏ క్రిమి ఏ బలం మీద నిలబడిందో తెలియకుండా అన్ని జ్వరాలకూ ఒకే మాత్ర ఇవ్వడం ఎంత ప్రమాదమో దీన్ని బట్టి చూడండి.

మంత్రి గారూ, నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. మందుకు లొంగని క్రిమి పుట్టిన తొలినాళ్లలో చాలాసార్లు బలహీనంగా ఉంటుంది. మందు లేని చోట మామూలు క్రిములతో పోటీపడలేదు. అక్కర్లేని యాంటీబయోటిక్ వాడిన ప్రతిసారీ మనం ఆ మామూలు క్రిములను చంపి, దానికి పోటీ లేకుండా చేస్తున్నాం. సర్దుకునేందుకు, బలం పుంజుకునేందుకు గడువు ఇస్తున్నాం. గడువు దాటితే, మందు ఆపినా అది వెనక్కి తగ్గకపోవచ్చు. అందుకే ఈ పని ముందే జరగాలి. చెయ్యి దాటాక ఆంక్షలు పెడితే సగం ఫలితమే ఉంటుంది.

టైఫాయిడ్ చరిత్ర ఇదే చెబుతోంది. 1948లో కౌలాలంపూర్‌లో టైఫాయిడ్ రోగులకు క్లోరాంఫెనికాల్ ఇచ్చినప్పుడు వైద్యులు అద్భుతం చూశారు. వారాల తరబడి మంచం పట్టించి, పేగుకు రంధ్రం చేసి ప్రాణాలు తీసే జ్వరం రోజుల్లో తగ్గింది. ఆ మందును విచ్చలవిడిగా వాడాక, 1972లో కేరళలోని కాలికట్‌లో దానికి లొంగని టైఫాయిడ్ వ్యాపించింది. 1990ల నాటికి క్లోరాంఫెనికాల్, ఆంపిసిలిన్, కోట్రైమాక్సజోల్ మూడింటికీ లొంగని రకాలు దేశమంతా పాకాయి. అప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్ పట్టుకున్నాం. అదీ చాలాచోట్ల చేతికి రాకుండా పోయింది. 2016 చివర్లో పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో, మన నగరం పేరే ఉన్న హైదరాబాద్‌లో, సెఫ్ట్రియాక్సోన్‌కు కూడా లొంగని టైఫాయిడ్ బయటపడింది. దానికి నోటి ద్వారా ఇచ్చే మందుల్లో మిగిలింది దాదాపుగా అజిత్రోమైసిన్ ఒక్కటే. అదే మందు మన మెడికల్ షాపుల్లో చీటీ లేకుండా దొరుకుతోంది.

ఇంకో కోణమూ ఉంది. పాత మందుల వాడకం తగ్గాక, మన దేశంలో ఇప్పుడు చాలా టైఫాయిడ్ క్రిములు క్లోరాంఫెనికాల్‌కు, కోట్రైమాక్సజోల్‌కు మళ్లీ లొంగుతున్నాయి. ఈ మార్పు రావడానికి దశాబ్దాలు పట్టింది. మందును కాపాడుకుంటే అది తిరిగి పనికొచ్చే అవకాశం ఉందని ఇది చెబుతోంది. పరీక్ష చేయకుండా ఏ మందుకు ఏ క్రిమి లొంగుతుందో తెలియదని కూడా చెబుతోంది.

వానాకాలం వచ్చిందంటే మా వైపు ఇంటికొకరు జ్వరంతో పడుకుంటారు. పేపర్లు వాటిని విషజ్వరాలని రాస్తాయి. అందులో డెంగీ ఉంటుంది, చికున్‌గున్యా ఉంటుంది, స్క్రబ్ టైఫస్ ఉంటుంది, టైఫాయిడ్ ఉంటుంది, తనంతట తానే తగ్గిపోయే వైరస్ జ్వరాలే ఎక్కువ ఉంటాయి. తొలి మూడు రోజుల్లో వీటిని చూసి వేరు చేయడం మంచి డాక్టరుకైనా కష్టమే. అప్పుడు జరిగేది ఒకటే. వైడల్ పరీక్ష చేయించడం, పాజిటివ్ అనగానే టైఫాయిడ్ అనుకోవడం, మాత్రలు మొదలుపెట్టడం.

ఈ వైడల్ 1896 నాటి పరీక్ష. రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయా లేదా అని చెబుతుంది కానీ, ఇప్పుడు క్రిమి ఉందా లేదా అని చెప్పదు. ఎప్పుడో వచ్చిన టైఫాయిడ్ వల్ల, వేసుకున్న టీకా వల్ల, వేరే జ్వరం వల్ల కూడా పాజిటివ్ రావచ్చు. టైఫాయిడ్ ఎక్కువగా ఉండే ఊళ్లలో ఒక్కసారి చేసిన వైడల్‌ను నమ్మి మందు ఇవ్వడం సరికాదని వైద్య విద్యార్థులకు పాఠాల్లోనే చెబుతారు. అయినా ఆ పరీక్ష చవక, గంటల్లో తేలుతుంది కాబట్టి అదే నడుస్తోంది. బస్తీ జనాన్ని, షాపువాళ్లను, ఆర్ఎంపీలను మాత్రమే తప్పుపట్టి లాభం లేదు. రోజు కూలీ పోగొట్టుకుని పెద్దాసుపత్రి క్యూలో నిలబడలేని మనిషికి, వీధి చివర షాపులో దొరికే మూడు మాత్రలే వైద్యం. దగ్గర్లో సరైన దారి చూపించినప్పుడే ఆ అలవాటు మానమని చెప్పే హక్కు మనకు వస్తుంది.

ఆ దారి వేయగలిగింది మీ శాఖే. నా నాలుగు కోరికలు ఇవి.

మొదటిది, బ్లడ్ కల్చర్ మా బస్తీ గడప దగ్గరికి రావాలి. 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు, అదే ఏడు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో కేంద్రంగా మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ మంచి పునాది వేశాయి. రక్త నమూనా ఇక్కడ తీసుకుని, పరీక్ష అక్కడ చేసి, ఫలితం ఫోనుకు పంపే పద్ధతికి జనం అలవాటుపడ్డారు. జ్వరం మూడు రోజులు దాటిన ప్రతి రోగికీ, యాంటీబయోటిక్ మొదలుపెట్టకముందే, ఇదే మార్గంలో కల్చర్ సీసాలో రక్తం తీసే ఏర్పాటు ఉండాలి. ఒక మాత్ర వేసుకున్నా క్రిమి పట్టుబడే అవకాశం తగ్గిపోతుంది కాబట్టి ‘ముందే’ అన్నది ఇందులో ప్రధానం. పెద్దవాళ్లకు ఎనిమిది, పది మిల్లీలీటర్ల రక్తం తీయాలి, సీసాను ఫ్రిజ్‌లో పెట్టకుండా త్వరగా ల్యాబుకు చేర్చాలి. ఇవి నేర్పితే మా ఏఎన్ఎంలు, నర్సులు చేయగలిగిన పనులే. కల్చర్ కూడా టైఫాయిడ్ కేసుల్లో సుమారు సగాన్నే పట్టుకుంటుంది. అయినా పట్టుకున్న ఆ సగంలో ఏ మందు పనిచేస్తుందో కచ్చితంగా చెబుతుంది. వైడల్ ఆ మాట ఎన్నడూ చెప్పలేదు.

రెండోది, ఆ ఫలితాలు బయటికి రావాలి. గాంధీ, ఉస్మానియా, ఫీవర్ ఆసుపత్రి, నిమ్స్‌లలో తేలిన ఫలితాలను కలిపి, ఏ క్రిమి ఏ మందుకు ఎంత శాతం లొంగుతోందో ఆరు నెలలకోసారి ప్రకటించాలి. రైల్వే కేంద్ర ఆసుపత్రి మా లాలాగూడలోనే ఉంది. అది మీ శాఖ కింద లేకపోయినా, మీరు ఒక లేఖ రాసి వాళ్ల లెక్కలనూ కలుపుకోండి. బస్తీలో కూర్చున్న డాక్టరు బల్ల మీద ఆ పట్టిక ఉంటే మందు ఎంపిక ఊహ మీద నడవదు. టైఫాయిడ్, క్షయ క్రిముల నమూనాలను పారేయకుండా భద్రపరిచి, సీసీఎంబీ లాంటి సంస్థలతో ఒప్పందం చేసుకోండి. రోగి ఒంట్లో క్రిమి ఏ సర్దుబాటు నేర్చుకుందో చూడాలంటే రోగి నుంచి తీసిన క్రిమే కావాలని పైన చెప్పాను. కరోనా సమయంలో 2020లో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు నగరం మురుగునీటిలో వైరస్ ఆనవాళ్లు వెతికి వ్యాప్తిని అంచనా వేశారు. టైఫాయిడ్ క్రిమికీ అదే పని చేయించవచ్చు. ఏ కాలనీ పైపు పగిలి మురుగు కలుస్తోందో అప్పుడు జలమండలికి మనమే ముందుగా చెప్పగలం.

మూడోది, యాంటీబయోటిక్ అమ్మకం మీద నియమాలు కాగితం దాటాలి. చీటీ లేకుండా షెడ్యూల్ హెచ్ మందులు అమ్మకూడదన్న నిబంధన ఎప్పటినుంచో ఉంది. 2014 నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 ప్రకారం కొన్ని యాంటీబయోటిక్‌ల అమ్మకాలను వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. స్ట్రిప్ మీద ఎర్రగీత ఉన్న మందును చీటీ లేకుండా కొనొద్దని 2016లో కేంద్రం ప్రచారం కూడా చేసింది. కేరళ 2018లోనే రాష్ట్ర స్థాయి కార్యాచరణ ప్రకటించి, 2024లో ‘ఆపరేషన్ అమృత్’ పేరుతో షాపుల తనిఖీకి దిగింది. మన డ్రగ్స్ కంట్రోల్ అధికారులు నకిలీ మందుల మీద దాడులు చేస్తున్నారు, అది మంచి పనే. అదే పట్టుదలతో అసలు మందుల దుర్వినియోగాన్ని కూడా చూడాలి. అయితే ఒక షరతు. షాపు మీద ఆంక్ష పెట్టే ముందు ఆ వీధిలో డాక్టరు దొరికే వేళలు పెంచండి. కూలి పని నుంచి తిరిగొచ్చేసరికి దవాఖానా తలుపు మూసి ఉంటే, మీ ఆంక్ష పేదవాడి మీదే పడుతుంది.

నాలుగోది, మా పిల్లలకు టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఉచితంగా ఇప్పించండి. ఈ టీకాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత పొందిన మొదటి రెండూ హైదరాబాద్ కంపెనీలవే. 2017లో భారత్ బయోటెక్ టీకా, 2020లో బయోలాజికల్ ఈ టీకా. ఆరు నెలలు దాటిన పిల్లలకు ఒక్క డోసు. నేపాల్‌లో జరిగిన పెద్ద ప్రయోగం తొలి ఫలితాల్లో భారత్ బయోటెక్ టీకా 81 శాతానికి పైగా రక్షణ ఇచ్చింది. 2018లో నవీ ముంబై నగరపాలక సంస్థ పిల్లలకు దాన్ని ప్రభుత్వ ఖర్చుతో వేసింది. పాకిస్తాన్ 2019లో సింధ్‌తో మొదలుపెట్టి సాధారణ టీకాల పట్టికలోనే చేర్చింది. మన హైదరాబాద్‌లో తయారైన టీకా ఆ హైదరాబాద్ పిల్లలకు అందింది. లాలాగూడ పిల్లలకు మాత్రం తల్లిదండ్రుల దగ్గర ప్రైవేటు డాక్టరుకు కట్టే డబ్బుంటేనే అందుతోంది. జబ్బు రాని పిల్లకు యాంటీబయోటిక్ అక్కర్లేదు. వాడని మందు ఏ క్రిమికీ పాఠం నేర్పదు.

వీటన్నిటికీ డబ్బు కావాలి, నిజమే. కానీ ఇప్పుడు ఖర్చు లేకుండా జరుగుతోందా? పనిచేయని మందుకు ఓసారి, రెండో రకం మాత్రకు ఇంకోసారి, చివరికి సూదిమందుల కోసం ఆసుపత్రి పడకకు మరోసారి జనమే కడుతున్నారు. ఆ ఖర్చు మీ బడ్జెట్ పుస్తకంలో కనబడదు. మా ఇళ్లల్లో తాకట్టు చీటీల మీద కనబడుతుంది.

శాస్త్రం తన వంతు చేసినా పాలన అందుకోకపోతే ఏమవుతుందో సికింద్రాబాద్‌కు బాగా తెలుసు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఇక్కడే దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ తర్వాత తన జీవితంలో చాలా భాగం దోమలను అరికట్టమని ప్రభుత్వాలను ఒప్పించడానికే వెచ్చించాడు. అతను చూసిన సత్యం వల్ల ప్రాణాలు నిలిచింది నీటి గుంటలు పూడ్చిన ఊళ్లలోనే. ప్రొటీన్ తయారీలో కచ్చితత్వం గురించి ఇవాళ మనకు తెలిసిన సత్యమూ అంతే. కల్చర్ సీసాగా, మందుల పట్టికగా, టీకాగా మారి బస్తీకి చేరితేనే దానికి విలువ.

శాస్త్రవేత్తలకూ ఈ లేఖ ద్వారా ఒక మనవి. మీ పరిశోధన మా భాషలో, మా బడుల్లో చెప్పండి. తప్పు చేసే రైబోజోమ్ గురించి వినాలన్న ఆసక్తి రైల్వే స్కూలు పిల్లలకు ఎంత ఉంటుందో పాఠాలు చెప్పిన నాకు తెలుసు. ఎందుకు మందు కోర్సు మధ్యలో ఆపకూడదో, ఎందుకు అక్కర్లేనప్పుడు మొదలుపెట్టకూడదో అర్థమైన పిల్ల ఇంటికెళ్లి అమ్మకు చెబుతుంది. ఏ పోస్టరూ అంత పని చేయలేదు.

మంత్రి గారూ, ఈ నాలుగింటినీ ఒకేసారి రాష్ట్రమంతటా మొదలుపెట్టమని నేను అడగడం లేదు. వచ్చే వానాకాలానికి ముందే లాలాగూడ, మెట్టుగూడ, తార్నాక, మల్కాజిగిరి బస్తీ దవాఖానాల్లో బ్లడ్ కల్చర్ మొదలుపెట్టమని ఒక ఉత్తర్వు ఇవ్వండి. ఆ సీజను ఫలితాలను పత్రికలకు విడుదల చేయండి. ఎంతమందికి నిజంగా టైఫాయిడ్ ఉంది, ఎంతమందికి అనవసరంగా యాంటీబయోటిక్ ఇవ్వబోయి ఆగాం, ఏ మందు పనిచేసింది అన్న మూడు లెక్కలు చాలు. మిగతా రాష్ట్రానికి ఏం చేయాలో ఆ లెక్కలే చెబుతాయి. ఉత్తర్వు ఎప్పుడు ఇస్తారో తెలియజేస్తూ మీరు రాసే జవాబు కోసం మా కాలనీ వాళ్లమందరం ఎదురుచూస్తుంటాం.

భవదీయుడు,
లాలాగూడ వాసి, విశ్రాంత జీవశాస్త్ర అధ్యాపకుడు
సికింద్రాబాద్